తాండూరు పెళ్ళికి గిటారు మోసుకెళ్ళి

తాండూరు మీలో చాలామంది చూసి ఉండరు. అయినా దాని మీద నడిచే ఉంటారు. మన ఇళ్ళలో, బడుల్లో, ఆస్పత్రి వరండాల్లో పరిచే ఆ బూడిదరంగు బండలు, పసుపు బండలు చాలావరకు అక్కడి నేల తవ్వి తీసినవే. నేను ఆ ఊరు చూడ్డానికి వెళ్ళలేదు, గిటారు వాయించడానికి వెళ్ళాను. తిరిగొచ్చాక మా ఆవిడ సుశీల "పెళ్ళి ఎలా జరిగింది?" అని అడిగితే "బాగానే జరిగింది" అని స్నానానికి వెళ్ళిపోయాను. రెండు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ కూర్చుని ఉండరు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

బయలుదేరక ముందు

మాది బాపట్ల. 1969లో నేను స్కూలు ఫైనల్ చదువుతున్నప్పుడు మా వీధి చివర ఒక రైల్వే గార్డు ఉండేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి వరండాలో కూర్చుని గిటారు వాయించేవాడు. బదిలీ అయ్యి వెళ్తూ దాన్ని నాకిచ్చేశాడు. మా నాన్న దాన్ని చూసి ఒక్కటే అడిగాడు: "ఇది ఎందుకు పనికొస్తుంది?" నాకిప్పుడు ముప్ఫై మూడేళ్ళు. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదు.

సికింద్రాబాదులో గుమాస్తా ఉద్యోగం దొరికాక ఒకదాని తర్వాత ఒకటి బ్యాండుల్లో చేరాను. ఒక బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు దుబాయి పోయాడు. ఇంకోదాంట్లో పాడేవాడు పెళ్ళయ్యాక రావడం మానేశాడు. చివరికి మిగిలింది ముగ్గురం. డ్రమ్ముల మీద సలీం, పాడుతూ బేసు గిటారు వాయించేది డెనిస్, గిటారు నేను. మేము వాయించేది హెవీ మెటల్. తెలియనివారికి ఒక మాట చెప్పాలి. గిటారు తీగ మోతను యంత్రంలో వేసి చీల్చి, గరగరలాడేట్టు చేసి, గుండెల మీద గుద్దినట్టు వినిపిస్తారు. అదీ ఆ సంగీతం. దానికి పొడుగు జుట్టు ఉండాలని మాలో ఒక నమ్మకం. నా జుట్టు భుజాలు దాటింది. ఆఫీసులో తిరుపతి మొక్కు అని చెప్పాను. మూడేళ్ళుగా మా సూపరింటెండెంటు గారు "ఎప్పుడు తీరుస్తావయ్యా మొక్కు?" అని అడుగుతూనే ఉన్నారు. నేను నవ్వి ఫైలులో తలదూరుస్తాను.

ఏడాదిగా మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు సలీం వచ్చి, తాండూరులో వాళ్ళ మామ కూతురి పెళ్ళి ఉందని, మామ మన బ్యాండునే పిలిచాడని చెప్పాడు. మెటల్ బ్యాండును పెళ్ళికి పిలిచే మనిషి ఎవరా అని నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. పిలిచారు, చాలు అనుకున్నాను.

వికారాబాద్ ప్లాట్‌ఫారం

వికారాబాదులో రైలు మారాలి. తాండూరు వైపు బండి ఆలస్యం. డ్రమ్ములూ యాంప్లిఫయర్లూ కుప్ప పోసి వాటి పక్కనే కూర్చున్నాం. ఊరు ఎత్తు మీద ఉంటుంది. గాలి చల్లగా, అడవి వాసనతో తగులుతుంది. చాయ్ అర్ధరూపాయి. మా వైపు టీలో పాలు కనబడతాయి, ఇక్కడి చాయ్‌లో డికాషన్ కనబడుతుంది. సలీం, డెనిస్ మిరపకాయ బజ్జీల కోసం బయటికి వెళ్ళారు.

నా పక్కన ఒక ముసలామె వచ్చి కూర్చుంది. పేరు నర్సమ్మ. కుల్కచర్ల నుంచి వస్తోంది. కొండ మీది క్షయ ఆస్పత్రిలో పెనిమిటి ఉన్నాడట. పట్నం నుంచి ఎవరో చుట్టం రైల్లో దిగుతాడు, అతన్ని తీసుకుని కొండ మీదికి పోవాలి. నా గిటారు పెట్టెను కొంతసేపు చూసింది.

"గా పెట్టెల ఏమున్నది సారూ?"

గిటారు అని చెప్తే, అదేంటి అంటుంది. వాయించేది అంటే, నీ వయసేంది నీ పనేంది అన్నట్టు చూస్తుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అందుకే రైళ్ళలో ఎవరడిగినా ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఆస్పత్రి సామానమ్మా," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి పాత చీరలో చుట్టిన ఎక్స్‌రే తీసి నా చేతిలో పెట్టింది. "జర జూడు సారూ. డాక్టరమ్మ అంత మంచిగనే చెప్పింది గని, బుగులుకు నాకు ఒక్క ముచ్చట మతికి లేదు. మా ఆయనకు తగ్గుతదా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను. ఎక్స్‌రే ఎండకెత్తి పట్టుకుని, పక్కటెముకల మధ్య తెల్లటి మచ్చల్ని డాక్టరులా ముఖం చిట్లించి చూశాను. "తగ్గుతుంది. మందులు మానకుండా వేసుకోమను," అన్నాను.

"నీ నోట్ల చక్కెరపొయ్య," అని ఆమె మూట విప్పి జొన్న రొట్టె సగం తుంచి, మీద ఇంత ఎర్ర కారం పెట్టి ఇచ్చింది. మా డెల్టాలో రెండు పూటలా వరి అన్నమే. రొట్టె అరచేతిలో పెట్టుకుని తినడం నాకు రాదు. విరిగి ఒళ్ళో పడుతుంటే ఆమె నవ్వి, కారం లోపలికి పెట్టి మడవడం చూపించింది. చాలా రుచిగా ఉంది. పూర్తిగా తిన్నాక గాని, అది కొండ మీదున్న మనిషి కోసం కాల్చి తెచ్చిన రొట్టె అని నాకు తట్టలేదు. చుట్టం దిగగానే ఆమె "గీ సారు డాక్టరు" అని నన్ను చూపించింది. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

సలీం బజ్జీలు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. అతని బాధ అతనిది.

"ప్రసాద్ భాయ్, ఒక మాట. కోపం చెయ్యొద్దు. మామకు మనం సినిమా పాటలు వాయిస్తమని చెప్పిన."

"మనకు సినిమా పాట ఒక్కటి కూడా రాదు కదా!"

"హౌ, రాదు. గందుకే ముందుగాల చెప్తున్న."

డెనిస్ బజ్జీ నమలడం ఆపి పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత అందరికీ తెలిసిన ఒక పెళ్ళి పాట ట్యూను ముగ్గురం కలిసి అక్కడే నేర్చుకున్నాం. సలీం ట్రంకు పెట్టె మీద దరువు వేశాడు. చుట్టూ మనుషులు చేరారు. నర్సమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. లేకపోతే ఆ పెట్టెలోంచి ఏం బయటికొచ్చిందో చూసేది.

తాండూరు

తాండూరు దగ్గర పడుతుంటే పట్టాల పక్కన నేల తెల్లబడుతుంది. రాయి అరగదీసిన బురద ఎండి పొడి అయ్యి, చెట్ల ఆకుల మీద, మనుషుల కనుబొమల మీద కూర్చుంటుంది. వీధి పొడవునా బండలు పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. పాలిష్ మిషన్ల రొద ఆగదు. అందుకేనేమో ఊళ్ళో అందరూ కాస్త గట్టిగా మాట్లాడతారు. కందులు మార్కెట్టుకు వచ్చే రోజులవి. బండ్ల వెనక బండ్లు, బస్తాల మీద నిద్రపోతున్న రైతులు. తెలుగు, ఉర్దూ, మధ్యమధ్యలో కన్నడం.

సలీం మామ ఖాదర్ సాబ్ స్టేషనుకు రాళ్ళు మోసే లారీ తెచ్చాడు. ఆయనకు చిన్న పాలిష్ యూనిట్ ఉంది. భారీ మనిషి. మా జుట్లు చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మేనల్లుడి స్నేహితులం కదా అని ముగ్గురినీ కౌగిలించుకున్నాడు.

ఇంట్లో తెల్లగుడ్డ పరిచి భోజనం పెట్టారు. బగారా అన్నం, దాల్చా, వేటమాంసం. పెద్ద పళ్ళెం మధ్యలో పెడితే నలుగురు చుట్టూ కూర్చుని తినాలి. మా వైపు ఎవరి విస్తరి వాళ్ళది. నా చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. ఖాదర్ సాబ్ చూశాడు.

"ప్రసాద్ సాబ్‌కు అలగ్ పళ్ళెం తెమ్మందునా?" మర్యాదగానే అడిగాడు.

"వద్దు వద్దు," అంటూ గబగబా కలిపి తిన్నాను. దాల్చా పులుపు మా పప్పుచారును గుర్తుచేసింది. కాని ఆగిన చెయ్యిని ఆయన చూడనే చూశాడు.

పెళ్ళి వాకిట్లో

మర్నాడు మధ్యాహ్నం దాటాక మగపెళ్ళివారు పెళ్ళికొడుకును గుర్రం మీద ఎక్కించి ఊరేగింపుగా వచ్చారు. ఖాదర్ సాబ్ ఇంటి ముందు బండల దొంతర ఒకటి మాకు స్టేజీ. పెళ్ళికొడుకు యూసుఫ్ పాలిటెక్నిక్ చదివాడు, క్వారీ మిషన్ల దగ్గర పని. అతను ఇంకా గుర్రం మీదే ఉన్నాడు, పూలదండల వెనక నవ్వు ముఖం కొంచెం కనబడుతోంది.

ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్న ట్యూను వాయించాం. చెడ్డగా ఏమీ లేదు. పెద్దవాళ్ళు తలలూపారు, పిల్లలు గంతులేశారు. అదే ట్యూను మళ్ళీ, మళ్ళీ వాయించాం. ఇంకోటి రాదు కదా. మూడోసారికి ఎవరూ మావైపు చూడడం లేదు. అప్పుడు గుంపులోంచి కాలేజీ కుర్రాళ్ళు కొందరు నా జుట్టు చూసి, "భాయ్, అసలుది కొట్టు!" అని అరిచారు.

నన్ను అలా ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో! సలీం "నక్కో, ప్రసాద్ భాయ్, వద్దు!" అని డ్రమ్ముల వెనక నుంచి అంటూనే ఉన్నాడు. వినబడింది. అయినా యాంప్లిఫయరు మీద శబ్దం పెంచే మర చివరిదాకా తిప్పి, బలమంతా పెట్టి తీగల మీద ఒక్క దెబ్బ కొట్టాను.

గుర్రం రెండు కాళ్ళ మీద లేచింది. యూసుఫ్ పక్కకు జారి, చెయ్యి ముందు పెట్టి, బండల అంచు మీద పడ్డాడు. గుర్రం జనాన్ని తోసుకుంటూ సందులోకి పారిపోయింది. ఆడవాళ్ళ కేకలు. నా గిటారు మోత ఇంకా గుయ్యిమంటూనే ఉంది. దాన్ని ఆపాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది. డెనిస్ వచ్చి వైరు పీకేశాడు.

యూసుఫ్ కుడి మణికట్టు వంకర పోయింది. ఖాదర్ సాబ్ అందరి ముందూ సలీం చెంప పగలగొట్టాడు.

"సలీం కాదండీ. నేను కొట్టాను. వద్దంటున్నా కొట్టాను," అన్నాను.

పెళ్ళికొడుకు తల్లి ఏడుస్తూ, అపశకునం, ఈ పెళ్ళి వద్దు, ఇంటికి పోదాం అంటోంది. వాళ్ళ మగవాళ్ళు నా చుట్టూ చేరారు. ఒకతను నా చొక్కా పట్టుకున్నాడు కూడా. కింద కూర్చున్న యూసుఫే నొప్పితో పళ్ళు బిగించి అన్నాడు: "ఒదిలెయ్యిండ్రి ఆయన్ని. నిఖా ఇయ్యాలనే. పొద్దుగూకేదాంక టైమున్నది. చెయ్యి కట్టించుకొస్త."

సరిహద్దు పల్లె

ఎముకలు కట్టే చెన్నవ్వ ఉండేది కర్ణాటక అంచున ఒక పల్లెలో. జీపులో నేనూ ఎక్కాను. ఎవరూ రమ్మనలేదు, దిగమనీ అనలేదు. యూసుఫ్ విరిగిన చెయ్యి నా ఒళ్ళో దిండు మీద పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకున్నాను. రెండు వైపులా కంది మోళ్ళు. దారిలో బోర్డులు తెలుగు నుంచి కన్నడంలోకి మారాయి.

"క్షమించు యూసుఫ్," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "సార్, నొప్పికి ఫికర్ లేదు. గుర్రం మీదికెల్లి పడ్డడని ఊరోళ్ళు సచ్చేదాంక అంటరు, గది గూడ పోనీ. అబ్బా సంగతే."

"మీ నాన్నకేమైంది?"

"అబ్బాకు సదువు లేదు. చిన్నప్పటిసంది రాయి కొట్టిండు. ఏడికి పోయినా బొటనేలు ముద్రనే. ముద్రేసొచ్చినప్పుడల్లా గా ఏలును గోడకేసి రాసేటోడు. నా నిఖాకు కొత్త పెన్ను కొన్నడు. నా కొడుకు సంతకం పెడతడు, ఏలిముద్ర కాదు అని ఊరంత చూపెట్టుకొచ్చిండు." షేర్వానీ జేబులోంచి పెన్ను క్లిప్పు మెరుస్తోంది. దాన్ని ఎడమచేత్తో తాకి అన్నాడు: "గీ చెయ్యితోని ఎట్ల పెట్టాలె?"

ఆ చెయ్యి నా ఒళ్ళోనే ఉంది, వాచి, వేడిగా.

చెన్నవ్వ గట్టి మనిషి. యూసుఫ్ అరిస్తే "సుమ్నిరు" అని కసిరింది. ఊరుకో అని. నన్ను అతని భుజాలు పట్టుకోమంది. ఎముక సర్ది లాగినప్పుడు అతను తల నా రొమ్ముకేసి నొక్కుకున్నాడు. మినప్పిండి, గుడ్డు సొన రాసి, వెదురు బద్దలు కట్టింది. వేళ్ళు కూడా కదలకుండా కట్టేసింది. జీపు డ్రైవరు, పెన్ను పట్టుకోవడానికి రెండు వేళ్ళు వదలమని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు.

మళ్ళీ తాండూరు

తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టారు. వెళ్ళిపోదామన్నవాళ్ళు వెళ్ళలేదు. నేను పందిరి చివర నిలబడ్డాను. యూసుఫ్ పక్కన అతని తండ్రి మహబూబ్ సాబ్ కూర్చున్నాడు. ఎండిపోయిన సన్నటి మనిషి, తెల్లటి కొత్త లాల్చీ. కొడుకు వేళ్ళు ఎక్కడా కనబడని ఆ కట్టునే చూస్తున్నాడు.

యూసుఫ్ "ఖుబూల్" అని పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఖాజీ గారు పుస్తకం ముందుకు జరిపి, మెల్లగా చెప్పారు: "చెయ్యి బాగలేదు గద బేటా. బొటనేలు ముద్ర వెయ్యి. చెల్లుతుంది."

సిరా దిమ్మ తెచ్చారు. యూసుఫ్ కదల్లేదు. మహబూబ్ సాబ్ ఒంగి కొడుకు జేబులోంచి పెన్ను తీశాడు. దాని మూత ఎటు లాగాలో తెలియక తిప్పి తిప్పి చూసి, చివరికి ఊడదీసి, పెన్నును కొడుకు ఎడమచేతిలో పెట్టాడు.

యూసుఫ్ రాయడం మొదలుపెట్టాడు. ఒక గీత గీసి ఆగడం, మళ్ళీ గీయడం. పెన్ను జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట కాగితం మీద పడకుండా ఎవరో రుమాలుతో తుడిచారు. పందిట్లో మూడొందల మంది ఉన్నా పరదా వెనక గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఈ మౌనమంతా నేను చేసిన ఒక్క చప్పుడు వల్ల వచ్చిందే. తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

రాయడం అయ్యింది. మహబూబ్ సాబ్ పుస్తకం మీదికి ఒంగి చాలాసేపు చూశాడు. లేచి అటూ ఇటూ చూసి, ఎందుకో తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టి పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నువ్వు సదువుకున్నోనివి. గిది వాని పేరేనా? సరిగ్గ వచ్చిందా?"

అక్షరాలు ఉర్దూవి.

"నాకు ఉర్దూ రాదండీ," అన్నాను మెల్లగా.

ఆయన చెవి దగ్గరగా పెట్టాడు. "ఆఁ?"

"ఉర్దూ చదవడం రాదు!"

"అబ్బాకు ఇనరాదు సార్," అన్నాడు యూసుఫ్. "క్వారీ మందుగుండుకు చెవులు పోయినయి. గట్టిగ చెప్పుండ్రి."

పందిరంతా మావైపే చూస్తోంది. గట్టిగా అరిచాను. "నాకు చదవడం రాదు!"

మహబూబ్ సాబ్ నా ముఖంలోకి చూశాడు. మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. "అయితె నువ్వు గూడ నా లెక్కనే," అని నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఖాజీ గారు ఆ పేరు పైకి చదివారు. యూసుఫ్ వేలు పైకెత్తి తండ్రికి సైగ చేశాడు, సరిగ్గానే వచ్చిందని.

వలీమా విందు

మర్నాడు మగపెళ్ళివారి విందు. మేము రామని చెప్పాం, లారీ పంపించి మరీ పిలిపించారు. డబుల్ కా మీఠా తింటున్నాను గాని రుచి తెలియడం లేదు. ఖాదర్ సాబ్ సలీంతో ఇంకా మాట్లాడడం లేదు.

భోజనాలయ్యాక మహబూబ్ సాబ్ వచ్చి మా సామాను చూపించాడు. "పిలిచింది వాయించనీకే గద. వాయించు."

నేను వద్దన్నట్టు చేతులు ఊపాను. ఆయన పట్టించుకోలేదు. డెనిస్ వైర్లు కలిపాడు. నేను మర బాగా తగ్గించి, పెళ్ళి ట్యూను మెల్లగా ఎత్తుకున్నాను. మహబూబ్ సాబ్ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని కొంతసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"గిది కాదు. నిన్నటిది."

నా చెయ్యి ఆగిపోయింది. పందిట్లో ఎవరో "యా అల్లా" అన్నారు. నేను యూసుఫ్ వైపు చూశాను. అతను కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కానివ్వమన్నట్టు తలూపాడు.

మర తిప్పాను. నిన్నంత కాదు, సగం. కొట్టాను. ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. మహబూబ్ సాబ్ రెండడుగులు ముందుకొచ్చి, స్పీకరు పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. మోత సన్నబడి ఆగిపోయేదాకా చేతులు తీయలేదు.

"ఇనవడ్డది," అన్నాడు. "మొన్నటిసంది గింత పెండ్లయితుంటె నాకు ఇనవడ్డ సప్పుడు గిదొక్కటే. నా పోరని పెండ్లిల ఏదో ఒకటి ఇన్న."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఖాదర్ సాబ్ నేల చూస్తున్నాడు. ఆయన నన్ను క్షమించినట్టు నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు.

"ఇంకోసారి," అన్నాడు మహబూబ్ సాబ్, పెట్టె మీద చేతులు అలాగే ఉంచి. "జర పెద్దగ."

తలెత్తి యూసుఫ్ చేతిని చూసే ధైర్యం నాకు లేకపోయింది. మర ఇంకాస్త తిప్పి, తీగల మీదికి ఒంగి మళ్ళీ కొట్టాను.